చేతులతో చూచు ప్రదర్శనశాల

మదరాసు పోయివచ్చిన మన పెద్దలు అచ్చటి మ్యూజియమును 'చచ్చిన కాలేజి' యనియు, జంతుశాలను 'బ్రతికిన కాలేజి' యనియు పిలుచుకొనుచుండిరి. ఆ మాట నవ్వులాటకు పుట్టినదే యైనను అందు సత్యము లేకపోలేదు. అద్దపు బీరువాలలో వస్తువులు వరుసగా నుండును. 'ముట్టరాదు' అను పలకలు గోడలమీద వ్రేలాడుచుండును. పిల్లవాడు చేయి చాచినతోడనే కావలివాడు కసరును. వాడు కసరకున్న తల్లియే కసరును. అరగంట గడచునప్పటికి పిల్లలు "ఇంటికి పోదామమ్మా" యని కొంగుపట్టి లాగుదురు.

ఇప్పుడు మేము వ్రాయబోవునది అట్టి శాలనుగూర్చి కాదు. ముట్టుటకును, త్రిప్పుటకును, లాగుటకును, నొక్కుటకును పరికరములుంచిన శాలలనుగూర్చి. సెలవులలో పిల్లలను అట్టిచోటికి తీసికొనిపోదలచిన తల్లులు ముందుగా ఆలోచించుకొనవలసిన సంగతులు కొన్ని కలవు.

పిల్లలకొరకే యొక ప్రదర్శనశాల యుండవలెనను తలంపు మొదట అమెరికాలో ఫలించెను. 1899లో బ్రూక్లినునందు అట్టి శాల వెలసెను. 1902లో అందు చేరి 1937 వరకు పనిచేసిన అన్నా బిల్లింగ్సు గాలప్ అను విదుషి, పిల్లలు వస్తువులను చేతబట్టి నేర్చుకొనవలెనని పట్టుబట్టి ఆ శాలను వృద్ధికి తెచ్చినది. 1913లో బోస్టనులో మరియొక శాల యేర్పడెను. 1962లో దానికి అధ్యక్షుడైన మైకేల్ స్పాక్ వస్తువులను అద్దపు బీరువాలనుండి వెలికితీసి పిల్లల చేతికందునట్లు చేసెను. శిశుపోషణపై 1946లో వెలువడి లోకప్రసిద్ధమైన గ్రంథమును వ్రాసిన డాక్టరు బెంజమిన్ స్పాక్ ఈయన తండ్రియే.

మన దేశమున ఈ మార్గము త్రొక్కిన తొలి శాలలలో బెంగుళూరునందలి విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక మ్యూజియ మొకటి. 1962లో జవహర్లాల్ నెహ్రూ దాని భవనమును ప్రారంభించెను. 1965లో ప్రజలకు తెరువబడెను. రాయలసీమవారికి ఇది దూరపుచోటు కాదు; హిందూపురమున రైలెక్కినచో కొద్దిగంటలలో బెంగుళూరు చేరవచ్చును. మోక్షగుండము విశ్వేశ్వరయ్య మనకు పరాయివాడును కాడు. 1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, మరల అట్టి ముప్పు రాకుండ ఉపాయము చెప్పినవా డాయనయే. 1920లో ముగిసిన ఉస్మాన్ సాగరమును, 1927లో ముగిసిన హిమాయత్ సాగరమును ఆ యుపాయమునకు ఫలములు. ప్రయాణమునకు ముందురోజు రాత్రి ఈ కథ చెప్పినచో పిల్లలు ఆ భవనమును వేరుకన్నుతో చూతురు. అంతదూరము పోలేనివారికి హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియమును, తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞానకేంద్రమును కలవు.

ఏ యూరి శాలకు పోయినను తల్లులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. అట్టిశాల యొకదానిలో మేము చూచిన సంగతి చెప్పెదము. అచ్చట గిలకలకు కట్టిన కుర్చీ యొకటి యుండెను. అందు కూర్చుండి త్రాడు లాగినచో తన్ను తానే పైకెత్తుకొనవచ్చును. పదేండ్ల బాలుడొకడు దానిపై మూడుమార్లు ఎక్కి దిగెను. వాని చెల్లెలు, ఎనిమిదేండ్లది, పట్టుపరికిణీ కట్టుకొని, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచి చూచుచుండెను.

"నువ్వు ఎక్కవా అమ్మా?" అని అడిగితిమి. ఆ పిల్ల తల్లి మొగము చూచెను.

"దానికెందుకండీ, చూస్తుంది లెండి. పరికిణీ పాడవుతుంది," అని తల్లి చిరునవ్వుతో ననెను. ఆమె చేతినిండ సంచులు, చంకలో చంటివాడు. ఆమె మాటలో దురుద్దేశ మేమియు లేదు.

బల్లమీద కూర్చున్న ముసలమ్మగారు మాత్ర మూరకుండలేదు. "ఎక్కనియ్యవే. నేను చేదిన నీళ్లలో సగమైనా వీడి తాత చేదాడా?" అనెను.

పిల్ల పరికిణీ చెక్కుకొని యెక్కెను, త్రాడు లాగెను, కుర్చీ లేచెను. దిగి కొంచెముసేపు గిలకలవంక తేరిచూచి, "నాయనమ్మా, మన నూతి గిలక ఇంత తేలిగ్గా లాగదేం?" అని యడిగెను. అన్న చెప్పలేకపోయెను, తండ్రియు చెప్పలేకపోయెను. మూడుమార్లు ఎక్కిన బాలునికి రాని ప్రశ్న, ఒక్కమారు ఎక్కిన బాలికకు వచ్చినది. ఎక్కకుండ చూచుచునే యుండినచో అదియు వచ్చియుండదు.

ఆ ప్రశ్నకు సమాధాన మిది. నూతిమీది గిలక కదలక యొక్కచోట బిగింపబడి యుండును. అది బిందె బరువును తగ్గింపదు. పైకి లాగవలసిన త్రాటిని క్రిందికి లాగుటకు వీలు చేయును, అంతే. బరువుతోకూడ పైకి లేచు గిలకలను చేర్చినప్పుడే బలము కలిసివచ్చును. అట్టివి రెండును, బిగించినవి రెండును కలిపి త్రాడు చుట్టినచో, ఒరపిడిని లెక్కింపకున్న, నాల్గవవంతు బలము చాలును. అయితే బరువు ఒక మూర లేచుటకు త్రాడు నాలుగు మూరలు లాగవలెను. ప్రకృతి ఒకచేత ఇచ్చినదానిని వేరొకచేత పుచ్చుకొనును.

కావున ప్రయాణపు సన్నాహములలో మొదటిది దుస్తులు. ఆడపిల్లలకు పట్టుబట్టలు కట్టకుడు. నేలమీద కూర్చుండుటకును, ఎక్కుటకును, వంగుటకును వీలైన నూలుబట్టలు చాలును. చేతినిండ గాజులు వలదు. తిరుగు చక్రములయొద్ద అవి ప్రమాదము. మాయరాని బట్ట కట్టి పంపుట 'ముట్టరాదు' అను పలకను ఆ పిల్ల మెడకు కట్టి పంపుటయే.

రెండవది కాలనియమము. ఆదివారములును పండుగదినములును జనసమ్మర్దముగా నుండును. సెలవుదినములు, వేళలు, ప్రవేశరుసుము, ప్రయోగములు చేసిచూపు సమయములు ముందుగానే ఫోనులో కనుగొనుడు. ఐదేండ్లలోపు పిల్లలకు ఒక గంట చాలును. పెద్దపిల్లలకు రెండుగంటలు, నడుమ విశ్రాంతి, మరల ఒక గంట. దూరమునుండి వచ్చితిమి గదా యని ఒక్కదినముననే అన్నియు చుట్టబెట్టకుడు. బెంగుళూరులో ఈ శాల ప్రక్కనే 1865లో నెలకొల్పిన ప్రభుత్వ మ్యూజియమును, వెంకటప్ప చిత్రశాలయు కలవు; వెనుకనే కబ్బను పార్కు. ఒక శాలను చూచి, చెట్లనీడను పులిహోర తిని, మరల అదే శాలకు పోవుట మేలు.

మూడవది భద్రత. గుంపులో పిల్లలు తప్పిపోవుట నిమిషములో జరుగును. ఫోనునెంబరు వ్రాసిన కాగితము ప్రతి పిల్ల జేబులో నుంచుడు. తప్పిపోయినచో ఎచ్చట నిలువవలెనో లోపలికి పోగానే చూపుడు. పెద్దవారు కూర్చుండు బల్లయే అందుకు మంచి గురుతు. సంచులును చంటిబిడ్డయు ఒక్క తల్లిమీదనే పడకుండ ఇంటివారు వంతులు వేసికొనవలెను.

లోపల మొదటి పావుగంట ఏమియు ముట్టకుండ ఒక్కమారు చుట్టివచ్చి, పిమ్మట ఏది కావలెనో పిల్లలనే యెన్నుకొననిండు. ఒకే పరికరముకడ అరగంట గడపినచో కాలము వృథాయైనదని తలపకుడు. పలకమీది వివరణమును ముందే చదివి వినిపింపకుడు. విడికథ ముందే విప్పినచో వినువారికి రుచియేమి? "ఏమవుతుందనుకుంటున్నావు?" అని యడిగి, చేయనిచ్చి, ఆ తరువాత చదువుడు. పిల్లలడిగినదానికి జవాబు తెలియనిచో "నాకూ తెలియదు, చూద్దాం పద" అనుట తల్లికి చిన్నతనము కాదు. చేతిఫోనుతో ఫొటోలు ఒకటి రెండు చాలును. ఫొటోకై నవ్వుచు నిలిచిన పిల్ల పరికరమును మరచును.

తల్లియు ఒకమారు త్రాడు లాగవలెను. తల్లి చేయి వేయగా చూచిన కూతురు అది తనకును తగిన పనియే యని నమ్మును. ఎన్ని మాటలు చెప్పినను అంత నమ్మకము కలుగదు.

ఇంటికి వచ్చిన పిమ్మటనే అసలైన లాభము. కుట్టుమిషను క్రింది పెద్దచక్రము ఒకమారు తిరుగులోపల పైనున్న చిన్నచక్రము పలుమార్లు తిరుగుట పిల్లలచేతనే లెక్కింపజేయుడు. మెరయు గరిటెలో ముందువైపు మొగము తలక్రిందై, వెనుకవైపు నిటారుగా కనబడుట చూపుడు. అట్లతద్దికి ఉయ్యాల కట్టినప్పుడు పెద్దపిల్లను ఒకమారు, చిన్నపిల్లను ఒకమారు కూర్చుండబెట్టి, మెల్లగా ఊపి, పది ఊపులకు పట్టుకాలమును గడియారముతో చూడుడు. బరువు వేరైనను కాలము ఇంచుమించు ఒకటే. ఉయ్యాల త్రాడు పొడుగైనచో మాత్రము ఊపు నిదానించును. కాలము రెట్టింపు కావలెనన్న త్రాడు నాలుగురెట్లు కావలెను. తరతరములుగా మన ఆడపిల్లలు ఊగుచున్న ఉయ్యాలలోనే ఈ శాస్త్రము కలదు. లెక్కింపుమని చెప్పినవారే అరుదు.

సెలవులు వచ్చుచున్నవి. పిల్లలను ఏ యూరి శాలకు తీసికొనిపోయినను, వెనుకకు చేతులు కట్టుకొని నిలిచిన పిల్ల మన గుంపులో నున్నదేమో ఒక్కమారు తిరిగి చూడుడు. ఉన్నచో ఆమెనే ముందు ఎక్కింపుడు.