నిటారు సైకిల్‌కి ఏ సీటు?

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్దామని సరదాపడి కొన్నా. దూరం ఆరు కిలోమీటర్లే. వారం తిరక్కుండానే కూర్చోలేని నొప్పి! మెత్తగా ఉంటుందని జెల్ కవర్ తొడిగా. ఇంకా ఎక్కువైంది. సైకిల్ అమ్మేద్దాం అనుకున్నా.

అసలు తేడా కూర్చునే తీరులో ఉంది. రేసు సైకిల్ మీద ముందుకు వంగుతాం, కొంత బరువు చేతులు మోస్తాయి. హ్యాండిల్ ఎత్తుగా ఉండే సిటీ సైకిల్ మీద భారం దాదాపు అంతా సీటుదే. నా సీటేమో సన్నది. పైగా మెత్తటి జెల్‌లో ఎముకలు దిగబడి, మధ్యలో ఒత్తిడి పెరిగింది.

తాతల కాలం నల్ల సైకిళ్లు గుర్తున్నాయా? వెడల్పాటి సీటు, కింద స్ప్రింగులు. గతుకుల్లో కుదుపు నడుముకు చేరకుండా కాచేవి అవే. ఇంగ్లండ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ ఇప్పటికీ పేరున్న తోలు సీట్ల బ్రాండ్. వాళ్ల బి17 సన్నగా, స్ప్రింగుల్లేకుండా ఉంటుంది. బి67 వెడల్పు, వెనక రెండు స్ప్రింగులు. నేను బి67 తీసుకున్నా.

కొనేముందు గట్టి కుర్చీ మీద అట్టముక్క వేసి కూర్చోండి. పడిన రెండు గుంటల మధ్య దూరం కన్నా సీటు కాస్త వెడల్పుండాలి. స్ప్రింగులు మీ బరువుకు తగ్గవి చూడండి. మరీ గట్టివైతే అవి కదలవు.

ఒక్క మాట. కొత్త తోలు చెప్పుల్లా ఇదీ మొదట్లో కరుస్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కితే మీ ఒంటికి తగ్గట్టు ఒదుగుతుంది. వానలో నానకుండా కవర్ వేయండి. తోలు సాగితే ముక్కు కింద ఉండే బోల్టు కొద్దిగా బిగిస్తే చాలు.

నా సైకిల్ అమ్మలేదు. రేపు కూడా దాని మీదే ఆఫీసుకి!