మసకబారిన హెడ్‌లైటుకు ఇంట్లోనే మెరుగు

కోతల రోజులు వచ్చాయంటే అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట రోడ్ల మీద రాత్రిళ్లు బండ్లు ఆగవు. వడ్లు ఎత్తుకొని మిల్లుకు పోయే ట్రాక్టరు ఒకటి, రొయ్యల గుంటకు మేత బస్తాలు తీసుకుపోయే మినీ లారీ ఒకటి, గుంట కాపలాకు పోయే మోటారు సైకిలు ఒకటి. అదే రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. చీకట్లో ఆ రాయి మీ కంట పడాలంటే లైటు సరిగా ఉండాలి. బల్బు వెలుగుతోంది కదా అని ఊరుకోకండి. ముందున్న అద్దం పచ్చబడి, గంజి పూసినట్టుంటే వెలుతురు అక్కడే చెదిరిపోతుంది. 2018లో అమెరికా వాహనదారుల సంఘం 'ట్రిపుల్ ఏ' పరీక్షించగా, బాగా మసకబారిన లైట్లు డిమ్ములో కొత్త లైటు వెలుతురులో దాదాపు అయిదో వంతు మాత్రమే ఇచ్చాయి.

ముందుగా మీ బండి లైటు గాజుదో, ప్లాస్టిక్‌దో చూసుకోవాలి. పాత ట్రాక్టర్ల గుండ్రటి లైట్లు ఎక్కువగా గాజువి. నాణెంతో మెల్లగా తడితే గాజు ఖంగుమంటుంది. గాజు పచ్చబడదు, దాన్ని రుద్దాల్సిన పని లేదు. దాంట్లో వెలుతురు తగ్గిందంటే లోపలి రిఫ్లెక్టరు వెండిపూత పోయి ఉంటుంది, లేదా ఉప్పుగాలికి వైరు కొసలు చిలుము పట్టి ఉంటాయి. పూత పోయిన రిఫ్లెక్టరును మార్చాల్సిందే.

కొత్త బండ్లకు వచ్చేది పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దీనికి పడవు. అందుకే కంపెనీవాళ్లు పైన సన్నటి రక్షణ పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండలో నిలబెడితే ఆ పూత పోయి ప్లాస్టిక్ పచ్చబడుతుంది. ఇక దుమ్ము, ఇసుక గీతలు పెడతాయి. మన తీరంలో అద్దం మీద ఉప్పు పొడిగా పేరుకుంటుంది. దాన్ని తుండుగుడ్డతో పొడిగా తుడిచామంటే ఉప్పుకాగితం పెట్టి గీకినట్టే. ఎప్పుడైనా నీళ్లు పోసి కడిగాకే తుడవాలి.

మసక బయట ఉందా, లోపల ఉందా? అద్దం మీద నీళ్లు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం పైనే ఉంది, బాగవుతుంది. లోపల ఆవిరి పట్టి ఉంటే వెనక రబ్బరు మూత చిరిగిందేమో చూసి, బల్బు తీసి నీడన ఆరనివ్వాలి. లోపల గుడ్డ పెట్టి తుడిస్తే రిఫ్లెక్టరు పూత లేచిపోతుంది.

పైన ఉన్న మసకకు వాటర్ పేపరే మందు. పెయింట్ల షాపులో 1000, 1500, 2000 నంబర్లవి తెచ్చుకోండి. లైటును షాంపూ నీళ్లతో కడిగి, చుట్టూ బాడీ రంగు గీసుకుపోకుండా టేపు అంటించాలి. పేపరును, అద్దాన్ని తడుపుతూ ముందు 1000తో ఒకే దిక్కుకు రుద్దాలి. పచ్చటి నీళ్లు కారతాయి, అదే పాడైన పూత. నీళ్లు తెల్లగా వచ్చేదాకా రుద్ది, 1500తో అడ్డంగా, 2000తో మళ్లీ నిలువుగా రుద్దాలి. ఈ దశలో అద్దం మొత్తం పాలగాజులా అవుతుంది, చెడగొట్టుకున్నామే అని కంగారుపడొద్దు. మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండు పట్టిస్తే తేటపడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇక్కడే ఉంది. మనం రుద్దింది పాత రక్షణ పూతనే కాబట్టి, ఇప్పుడు ప్లాస్టిక్ ఒట్టిగా ఉంది. కొత్త పూత వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ పచ్చబడుతుంది. ఆటోమొబైల్ షాపులో హెడ్‌లైట్లకని ఉన్న యూవీ క్లియర్ కోటు అడిగి తీసుకోండి. అద్దం పూర్తిగా ఆరాక, గాలిదుమ్ము లేని చోట, ముక్కుకు మాస్కు కట్టుకొని, పొయ్యికి, బీడీకి దూరంగా పలచగా రెండు మూడు సార్లు కొట్టాలి. తెల్లవారుజామున సముద్రపు తేమ ఉన్నప్పుడు కొడితే పూత తెల్లగా పొగబారుతుంది. ఎండెక్కి తేమ తగ్గాక, నీడపట్టున చేయండి. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, ఆ తర్వాతే బండి తీయాలి.

పళ్ల పేస్టుతో రుద్దితే మెరుస్తుందంటారు. మెరుస్తుంది, నాలుగు రోజులు. పెట్రోలు, థిన్నరు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్‌కు సన్నటి పగుళ్లు వస్తాయి. దోమల మందు పూస్తే తళుక్కుమంటుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ తళుకు పైపొర కరగడం వల్ల వచ్చింది, తర్వాత మరింత పాడవుతుంది. వెలుతురు చాలట్లేదని ఎక్కువ వాట్ల బల్బు పెట్టడమూ తప్పే, వేడికి హోల్డరు, వైర్లు కాలతాయి.

ప్లాస్టిక్ లోపలి దాకా పగిలి ఉంటే ఎంత రుద్దినా ఫలితం లేదు. మోటారు సైకిలుకు అద్దం విడిగా దొరికితే మార్చుకోవడమే మేలు, పేపర్ల ఖర్చు కూడా కలిసిరాదు. మినీ లారీ లైటు మొత్తం ఖరీదు ఎక్కువ కాబట్టి దానికి ఈ శ్రమ గిట్టుబాటవుతుంది.

పని అయ్యాక చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా నిలిపి డిమ్ము వేసి చూడండి. వెలుతురు పైఅంచు లైటు ఎత్తుకన్నా కాస్త కిందికే ఉండాలి. పైకి పోతుంటే స్క్రూ తిప్పి దించండి. ఎదురొచ్చేవాడు కూడా ఆ వడ్ల రాశి పక్కనుంచే రావాలి గదా. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ల మీది బురద కూడా అప్పుడే కడిగేయండి.