ఇచ్చిన మాట రాతలో నిలవాలి: వీలునామా, దానపత్రం గురించి గృహస్థులు తెలుసుకోవలసినవి

అద్దంకి పేరు వినగానే తెలుగు సాహిత్యాభిమానులకు పండరంగని శాసనం స్ఫురిస్తుంది. క్రీ.శ. 848 నాటిదిగా పండితులు నిర్ణయించిన ఈ శాసనం తరువోజ ఛందస్సులోని తెలుగు పద్యంతో ప్రసిద్ధి పొందినది. అయితే దాని అసలు ప్రయోజనం వేరు. అది ఒక దానపత్రం. ఆదిత్య భటారకునికి ఎనభై పుట్ల నేల ఇచ్చిన సంగతిని అది నమోదు చేస్తున్నది. గ్రహీత ఎవరు, ఇచ్చినది ఎంత అన్నది రాతిపై ఉన్నందువల్లనే పదకొండు వందల ఏళ్లు దాటినా ఆ మాట చెరగలేదు.

నేడు మనలో అనేకులు అంతటి జాగ్రత్త చూపడం లేదు. "నా తరువాత ఆ ఎకరం స్వామివారికే", "ఇల్లు మీ అమ్మకే" అని నోటిమాటగా చెప్పి నిశ్చింతగా ఉంటారు. ఆ మాట విన్నవారు కాలం చేసిన పిదప అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కుతారు. ఆస్తి స్వల్పమైనా, అధికమైనా ఈ విషయమై ప్రాథమిక జ్ఞానం ప్రతి గృహస్థునికీ అవసరం.

వీలునామా లేకపోతే

వీలునామా రాయకుండా హిందూ పురుషుడు మరణిస్తే, అతని స్వార్జితం హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా చెందుతుంది. భార్య, కుమారులు, కుమార్తెలు, తల్లి వీరిలో ముఖ్యులు. ఉదాహరణకు, ఐదెకరాల మిరప చేను గల రైతుకు తల్లి, భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎకరం వస్తుంది. "అంతా భార్యకే" అన్నది, "ఆడపిల్లకు పెళ్లిలోనే ఇచ్చేశాం" అన్నది చట్టం ముందు నిలిచే మాటలు కావు.

పిత్రార్జితంలో కుమార్తెల హక్కు మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతోనే మొదలైనది. అది పెళ్లికాని కుమార్తెలకు పరిమితం. దేశవ్యాప్తంగా 2005 సవరణ పెళ్లయినవారితో సహా కుమార్తెలందరికీ పుట్టుకతోనే కుమారులతో సమాన హక్కు కల్పించింది. ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. పసుపు కుంకుమల కింద నోటిమాటతో ఇచ్చిన పొలానికి దస్తావేజు లేకుంటే, తరువాతి తరంలో ఆ ఆడపడుచు తన హక్కు నిరూపించుకోవడం కష్టమవుతుంది.

స్త్రీల ఆస్తి విషయం మరింత గమనించదగినది. సంతానం లేని వితంతువు వీలునామా రాయకుండా మరణిస్తే, ఆమె స్వార్జితం మొదట భర్త వారసులకు చెందుతుంది. వయోవృద్ధులైన తల్లిదండ్రుల వంతు ఆ తరువాతనే. పుట్టింటి నుండి వారసత్వంగా వచ్చినది మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. కనుక వీలునామా మగవారికే అన్న భావన విడనాడాలి.

వీలునామా ఎలా రాయాలి?

పద్దెనిమిదేళ్లు నిండి, స్వస్థచిత్తులైనవారు ఎవరైనా వీలునామా రాయవచ్చును. తెల్లకాగితం చాలును, స్టాంపు కాగితం అక్కరలేదు. రాసినవారు సంతకం లేదా వేలిముద్ర వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు వారి సమక్షంలో సంతకాలు చేయాలి. సాక్షులు ఆస్తి పొందేవారు కాకుండా, రాసేవారికంటే వయసులో చిన్నవారైతే మేలు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పవలసినవారు వారే.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేయిస్తే వివాదాలు తగ్గుతాయి. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చవచ్చును. చివరిగా రాసినదే చెల్లుతుంది. అందుచేత తేదీ స్పష్టంగా ఉండాలి. పొలమైతే గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు పేర్కొనాలి. "చెరువు కింది చెక్క" అని రాస్తే మనుమల తరానికి అది ఏ చెక్కయో తెలియదు.

దానపత్రం: తొందర తగదు

వీలునామా మరణానంతరం అమలులోకి వస్తుంది. దానపత్రం రిజిస్టరు కాగానే హక్కు చేతులు మారుతుంది. ఉన్నదంతా పిల్లలకు రాసిచ్చి, వృద్ధాప్యంలో ఇల్లు వదలవలసి వచ్చిన తల్లిదండ్రులను మనం చూస్తూనే ఉన్నాం. దానం చేయదలచినవారు "మా జీవితకాలం అనుభవ హక్కు మాదే" అని, "మమ్ము పోషించవలెను" అని దస్తావేజులోనే రాయించాలి. అట్టి షరతు ఉండి పోషణ జరగకపోతే, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షను కింద ట్రిబ్యునలు ఆ దానాన్ని రద్దు చేయగలదు.

పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కుటుంబాలు మరొక నియమం గుర్తుంచుకోవాలి. విదేశాలలో నివసించే భారతీయులు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చును గాని దానంగా పొందరాదు. అట్టివారికి పొలం ఇవ్వదలిస్తే వీలునామాయే సరైన మార్గం.

నామినీ యజమాని కాదు

బ్యాంకు ఖాతాకు నామినీగా పేరున్నవారు సొమ్ము అందుకొని, అసలు వారసులకు అప్పగించవలసిన వారే గాని, ఆ పేరు వల్లనే యజమానులు కారు. కనుక నామినీ పేరూ, వీలునామాలోని పేరూ పొంతన కలిగి ఉండాలి.

దేవునికి ఇచ్చేటప్పుడు

ఆలయానికి భూమి సమర్పించడం మన సంప్రదాయంలో మహాదానం. అయితే ఒకసారి దేవుని పేరిట చేరిన భూమి తిరిగి రాదు. దేవాదాయ చట్టం, 1987 ప్రకారం కమిషనరు ముందస్తు అనుమతి లేకుండా దానిని అన్యాక్రాంతం చేస్తే అది చెల్లదు. అందువల్ల దాత ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది పూర్తిగా నాదేనా, తోబుట్టువుల వాటా ఉన్నదా? నా జీవిత భాగస్వామి గ్రాసానికి మిగిలినది చాలునా? దీనిపై అప్పు ఉన్నదా? ప్రభుత్వం అసైను చేసిన భూమి అయితే బదలాయింపుపై చట్టపు పరిమితులు ఉంటాయి కనుక రెవెన్యూ కార్యాలయంలో విచారించాలి. ఇతరుల వాటా కలిపి ఇచ్చిన దానం దేవునికి ఆస్తిని కాక వ్యాజ్యాన్ని సమర్పిస్తుంది.

దస్తావేజులో ఆలయం పూర్తి పేరు, గ్రామం, సమర్పణ దేనికి అన్నది (నిత్య దీపారాధనకా, అన్నదానానికా) విధిగా రాయాలి.

ఈ నెలలోనే చేయదగినది

ఒక పుస్తకంలో పొలాలు, ఇల్లు, బంగారం, బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు, శీతల గిడ్డంగిలోని మిర్చి బస్తాల రసీదులు, సొసైటీ రుణం, ఇచ్చిన, తీసుకున్న ప్రామిసరీ నోట్లు వరుసగా రాసుకోండి. పాసు పుస్తకాలు, దస్తావేజులు ఎక్కడున్నవో ఇంట్లో ఇద్దరికైనా తెలపండి. ఆపై న్యాయవాదిని సంప్రదించి వీలునామా సిద్ధం చేసుకోండి.

ఆస్తి పంపకం గురించి మాట్లాడటం అశుభమని కొందరి శంక. పిల్లలు కలిసి ఉండేలా చేయడం కంటె శుభం వేరొకటి లేదు. పండరంగని నాటివారు మాటను రాతికెక్కించారు. మనం కాగితానికైనా ఎక్కిద్దాం.