చెట్ల జోలికి పోని తేనెగొడుగు

తొలకరి పడగానే పుట్టల మీద, పెంటకుప్పల పక్కన గొడుగులు లేవడం మీరు చూసే ఉంటారు. తినదగ్గవి పుట్టగొడుగులు, తినరానివి కుక్కగొడుగులు అంటాం. నిజానికి మనకు కనిపించే గొడుగు చెట్టుకు కాయ వంటిది. అసలు జీవి సన్నని దారాలుగా నేలలో అల్లుకొని ఉంటుంది.

చల్లని దేశాలలో తేనెగొడుగులు అనే జాతి ఉంది. పేరు తీయనిదే గాని పని దొంగపని! బూటు తాళ్లవంటి నల్లని తీగలతో నేలలో పాకి, చెట్ల వేళ్లలో దూరి వాటిని చంపుతాయి. అమెరికాలోని ఒరెగాన్ అడవిలో ఇటువంటి జీవి ఒక్కటే సుమారు 965 హెక్టార్లు ఆక్రమించింది.

ఆ ఇంట్లోనే పుట్టిన సాధువు ఆర్మిలేరియా ఎక్టైపా. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎలియాస్ ఫ్రీస్ 1821లోనే దీనిని వర్ణించాడు. ఇది చెట్లను ముట్టదు. యూరప్‌లోనూ, జపాన్‌లోనూ అక్కడక్కడ ఉన్న బురదనేలల్లో, నాచు మధ్య, చచ్చిన మొక్కల మీద బతుకుతుంది. వేసవి చివర లేతగోధుమ రంగు గొడుగులు లేస్తాయి. చాలా తేనెగొడుగులకు కాడ చుట్టూ ఉండే ఉంగరం దీనికి ఉండదు.

ఆ బురద మన చెరువు బురద వంటిది కాదు. అక్కడి స్ఫాగ్నం నాచు తన ఎండు బరువుకు ఇంచుమించు ఇరవై రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. నీటిలో గాలి ఆడదు గనుక చచ్చిన నాచు పూర్తిగా కుళ్లక పొరలు పొరలుగా పేరుకుంటుంది. దానినే పీటు అంటారు. ఏడాదికి పెరిగేది ఒక మిల్లీమీటరు మాత్రమే. అంటే మీ మోకాలి ఎత్తు పీటుకు ఎన్ని వందల ఏళ్లు పడుతుందో మీరే లెక్కవేయండి!

మనుషులు మాత్రం కాలువలు తవ్వి ఆ నీటిని బయటికి తోలేశారు. పీటును ముక్కలుగా కోసి పొయ్యిలో పెట్టుకున్నారు. పొలాల ఎరువు కొట్టుకువచ్చి కలిసినా ఈ గొడుగుకు ముప్పే. ఇంకొక చిత్రం వినండి. పూర్వం రైతులు ఆ నేలల్లో గడ్డి కోసేవారు, పశువులను మేపేవారు. అది మానేసిన చోట పొదలు, చెట్లు లేచి నీడ కమ్ముతోంది. చుట్టాలంతా చెట్ల మీద పడి బతికితే, దీనికి చెట్లే శత్రువులయ్యాయి!

అనేక యూరప్ దేశాల ఎర్రజాబితాలలో ఇది చేరింది. 2003లో 33 అరుదైన గొడుగులకు బెర్న్ ఒప్పందం కింద రక్షణ కోరినప్పుడు అందులో దీని పేరూ ఉంది. ఆ కోరిక నెగ్గలేదు. కొన్నిచోట్ల కాలువలకు అడ్డుకట్టలు వేసి నీరు నిలుపుతున్నారు, పొదలు నరుకుతున్నారు. ఫలితం తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఒక ఏడాది గొడుగు లేవకపోయినంత మాత్రాన కింద దారాలు చచ్చిపోయినట్టు కాదు గదా! అందుకే వెతికేవారు మళ్లీ మరుసటి వేసవికి బూట్లు తొడుక్కొని బురదలో దిగుతారు.