గేటు అవతలి సముద్రం

కార్తీక పౌర్ణమికి సముద్రంలో మునగాలంటే సూళ్లూరుపేట వాళ్లకు రెండు దారులు. తెల్లారుజామున లోకల్ రైలెక్కి, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి చెన్నై మెరీనాకు పోవడం ఒకటి. నాలుగు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని, నాయుడుపేట, కోట, వాకాడు మీదుగా తూపిలిపాళెం చేరడం రెండోది. పటం ముందు పెట్టుకుంటే నవ్వొస్తుంది. ఊరికి తిన్నగా తూర్పున, పాతిక కిలోమీటర్లు కూడా లేకుండా బంగాళాఖాతం ఉంది. పులికాట్ సరస్సును చీల్చుకుంటూ అటువైపు మంచి తారు రోడ్డూ ఉంది. కాకపోతే ఆ రోడ్డు పోయి గేటు దగ్గర ఆగుతుంది. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను ఉంటాడు. గుర్తింపు కార్డు ఉంటే లోపలికి, లేకపోతే వెనక్కి.

తీరం కోసం తగాదాలు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. ఎక్కువగా అవి ఇసుకలో డేరా వేసుకునే వాళ్లకూ, ఒడ్డున ఇళ్లు కట్టుకున్న వాళ్లకూ మధ్య నడుస్తాయి. కాలిఫోర్నియాలో మార్టిన్స్ బీచ్ గొడవ అందరికీ తెలిసిందే. మన దేశంలో పుట్టి అక్కడ కోటీశ్వరుడైన వినోద్ ఖోస్లా 2008లో ఒడ్డు మీది భూమి కొన్నారు. తరవాత దారికి గేటు పడింది. దశాబ్దాలుగా ఆ దారినే సముద్రానికి దిగుతున్న జనం కోర్టుకెక్కారు. 2018లో కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోతే, వినడానికే ఆ కోర్టు ఒప్పుకోలేదు.  అక్కడి గొడవ ముఖ్యంగా తీరానికి దిగే దారి గురించే.

సూళ్లూరుపేటలో డేరాలూ లేవు, సముద్రం వైపు కిటికీలున్న బంగళాలూ లేవు. ఇక్కడ ఇంటి యజమాని భారత ప్రభుత్వం. ఆ ఇంటి విస్తీర్ణం దాదాపు 145 చదరపు కిలోమీటర్లు, దానికి 27 కిలోమీటర్ల సముద్ర తీరం. బోర్డు మీద సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం అని ఉంటుంది. 2002 సెప్టెంబరు 5న ఆ పేరు పెట్టారు గానీ ఊళ్లో ఎవరినడిగినా ఇప్పటికీ ‘షార్’ అనే అంటారు. షార్ బస్సు, షార్ రోడ్డు, షార్ ఉద్యోగం. పెళ్లి సంబంధాల్లో ఆ చివరి మాటకు ఇక్కడ ఉన్న విలువ వేరే చెప్పక్కర్లేదు.

1969లో శాస్త్రవేత్తలు ఈ కేంద్రానికి శ్రీహరికోట దీవిని ఎంచుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. రాకెట్టును తూర్పు ముఖంగా వదిలితే భూభ్రమణం తోడవుతుంది. భూమధ్యరేఖకు మరీ దూరం కాదు. ముందంతా ఖాళీ సముద్రం, ఏదన్నా తేడా వస్తే శకలాలు నీళ్లలో పడతాయి. దీవిలో జనం తక్కువ. అప్పటికి అక్కడ ఎక్కువగా ఉన్నది సరుగుడు, యూకలిప్టస్ తోటలు. అంతకు ముందు కాలంలో శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. 1971 అక్టోబరు 9న రోహిణి–125 అనే చిన్న రాకెట్టుతో కేంద్రం పని మొదలైంది. 1980 జులై 18న ఎస్ఎల్‌వీ–3 మన ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2025 జనవరి 29న వందో ప్రయోగం జరిగింది.

జనం తక్కువ అన్నారు గానీ జనం లేరని కాదు. ఆ తక్కువ జనంలో యానాదులు ముఖ్యులు. ఈ తీరానికి అసలైన డేరావాసులు వాళ్లే అని నా అభిప్రాయం. వంగి దూరాల్సినంత చిన్న గుడిసె, నాలుగు కుండలు, ఒక వల. చేప దొరికే చోటికి గుడిసె కదిలేది. 1835లో శ్రీహరికోట కుంపెనీ సర్కారు చేతికి వచ్చినప్పుడు, అడవిలో తేనె, మైనం, మూలికలు సేకరించి తెచ్చే పనికి సర్కారు వీళ్లనే పెట్టుకుంది. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణాది కులాల గ్రంథంలో శ్రీహరికోట యానాదుల ప్రస్తావన వివరంగానే ఉంది. అంతకు రెండు శతాబ్దాల పైన, 1626 ప్రాంతంలో, ఉత్తరంగా దుగరాజపట్నంలో ఇంగ్లీషు వాళ్లు ఒక కోట కట్టుకుని దానికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే కొన్నేళ్లకు ఇంతకంటే మంచి చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో మద్రాసుకు పునాది వేశాడు. తీరం నచ్చక లేచిపోయిన వాళ్లు మహానగరం కట్టుకున్నారు. నచ్చి ఉండిపోయిన వాళ్లను తరవాత లేపారు.

దీవిలోని ఊళ్లను 1970లలో ఖాళీ చేయించి ఇవతలి ఒడ్డుకు తరలించారు. మనుషులు వచ్చారు, పశువులన్నీ రాలేదు. అక్కడే మిగిలిపోయిన ఆవులూ ఎద్దులూ తరాలు గడిచేకొద్దీ అడవి పశువులైపోయాయి. మనిషిని చూస్తే బెదురుతాయి, పొదల్లోకి పారిపోతాయి. వాటిని ఏం చేయాలన్నది షార్ అధికారులకూ జంతు సంరక్షకులకూ చాలాకాలం చర్చనీయాంశం. పాత ఊరి వాళ్ల వారసత్వంగా సముద్రం ఒడ్డున స్వేచ్ఛగా తిరిగేది ఇప్పుడవే.

షార్ రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర, ఈశాన్య రుతుపవనం తగ్గిన రోజుల్లో బండి ఆపితే రెండు గుంపులు కనపడతాయి. రోడ్డు మీద కెమెరాల గుంపు. వాళ్ల చూపంతా దూరంగా గులాబీ గీతలా నిలబడ్డ రాజహంసల మీద. వాళ్లకు ఎడంగా, మోకాటి లోతు నీళ్లలో, నడుము వంచి కదిలే ఆడవాళ్లు రెండో గుంపు. చేతులు రెండూ బురదలో. మునివేళ్లతో అడుగు తడుముతూ ముందుకు జరుగుతారు. రొయ్య కదిలితే చటుక్కున నొక్కి పట్టి, పళ్లతో కరిచి పట్టుకున్న తాటాకు బుట్టలో వేస్తారు. రెండు చేతులూ వేటలో ఉంటే బుట్టను పట్టుకోవడానికి మిగిలేది నోరే కదా. ఆ పని జరిగినంత సేపూ మాట ఉండదు. నీళ్లు తగ్గినకొద్దీ ఇంకా లోపలికి పోవాలి. వేసవికి సరస్సు ఉత్తర భాగం ఎండి, ఉప్పు పొర తేలి తెల్లగా మెరుస్తుంది. అప్పుడు అక్కడ కెమెరాలూ ఉండవు, బుట్టలూ ఉండవు.

ఈ రోడ్డు గురించి ఒక మాట చెప్పాలి. షార్‌కు పోవడానికి వేసిన కట్టే సరస్సును రెండుగా కోసింది. దక్షిణాన పళవేర్కాడు ముఖద్వారం నుంచి వచ్చే ఆటుపోటు నీళ్లు ఉత్తరానికి సరిగ్గా ఎక్కవు. ఉత్తరాన రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతూ ఉంటుంది. పూడిక తీయాలని పులికాట్ మత్స్యకారులు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. మనిషి సముద్రానికి పోయే దారి మూసుకుపోతే ఊరు గొణుక్కుంటుంది. సముద్రం సరస్సులోకి వచ్చే దారి మూసుకుపోతే పొయ్యి ఆరిపోతుంది.

1976లో పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలయ్యాయి. 1990లలో మరో యజమాని దిగాడు, రొయ్యల చెరువు. నెల్లూరు తీరమంతా గట్లు లేచాయి. పల్లెకారు వల భుజానేసుకుని ఒడ్డుకు పోయే కాలిబాట ఒక్కోచోట చెరువు గట్టు కిందకు పోయింది. తమిళనాడు గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలోని చెరువులను తీసేయమంది. చిలక, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్లలోపు రొయ్యల సాగు వద్దంది. నేలపట్టు పేరు కూడా ఆ తీర్పులో ఉంది. మత్స్యకారుల దారులు మూసుకుపోతున్నాయన్న ఫిర్యాదు అప్పుడు దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. తరవాత 2005లో తీర ఆక్వా సాగుకు వేరే చట్టం చేశారు, 2023లో దాన్ని సవరించారు. చెరువు మాత్రం తీరాన్ని వదల్లేదు.

1991 సీఆర్‌జెడ్ నిబంధనల్లో నాకు నచ్చే వాక్యం ఒకటుంది. ఏ రెండు బీచ్ రిసార్టుల మధ్యనైనా జనం ఒడ్డుకు పోవడానికి కనీసం 20 మీటర్ల వెడల్పున సందు వదలాలని. హోటలు వాడికి పెట్టిన ఈ షరతు వల్ల షార్ రోడ్డులో ఉపయోగం లేదు. రక్షణ, అంతరిక్షం అనగానే చట్టం పక్కకు తప్పుకుని దారిస్తుంది.

అలాగని షార్‌ను దోషిగా నిలబెడితే అన్యాయం. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు పోయారు. 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ–ఎఫ్06 ఎగిరిన నిమిషంలోపే అదుపు తప్పి ఆకాశంలో ముక్కలైంది. ఆ ముక్కలన్నీ సముద్రంలోనే పడ్డాయి. ఆ తీరంలో క్రిస్మస్ సెలవుకు డేరాలు వేసుకున్న జనం ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. గేటు కాపాడింది మనుషులనే కాదు. తూర్పు తీరంలో మిగిలిన పొడి సతతహరిత అడవుల్లో చెప్పుకోదగ్గ ముక్క శ్రీహరికోటలోనే ఉంది, దేవాంగపిల్లులతో సహా. గేటు లేకపోతే ఈపాటికి అదంతా ‘సీ వ్యూ’ వెంచర్ల బోర్డులతో నిండిపోయేదని పందెం కాయొచ్చు.

ఊరు కూడా షార్‌ను తనదే అనుకుంటుంది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వస్తారు. ఆ గుడికి తలుపులుండవు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అమ్మవారికి దణ్ణం పెట్టి పెద్దలు గేటులోకి పోతారు, జనం మేడలెక్కుతారు. తూర్పున వెలుగు లేస్తుంది. నిమిషం దాటాక చప్పుడు వస్తుంది, కిటికీ రెక్కలు అదురుతాయి. 2019లో ఐదు వేల మంది కూర్చునే వీక్షణ గ్యాలరీ కట్టి, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్న వాళ్లను అనుమతిస్తున్నారు. దేశం నలుమూలల నుంచీ వస్తారు. గేటు దాటడానికి మామూలు మనిషికి దొరికిన సందు అదే. అదీ ఆకాశం చూడ్డానికి, సముద్రం తాకడానికి కాదు.

తీరంలో వంతు ఎలా పంచుకోవాలో పళవేర్కాడు పల్లెకార్లకు ఏ నోటిఫికేషనూ రాకముందే తెలుసు. అక్కడ దాన్ని పాడు అంటారు. మంచి వేట దొరికే తావులకు చీట్లు వేస్తారు, వంతు వచ్చిన రోజున ఆ తావు వాళ్లది. అందులోనూ వంశపారంపర్య హక్కు ఉన్న కులానికే చీటీ. యానాది, ఇరుళ కుటుంబాల చీటీ ఆ కుండలో ఉండదు. తడుముకుని రొయ్యలు పట్టే నీళ్లే వాళ్ల వంతు. ఉమ్మడి ఆస్తి అన్న ప్రతిచోటా ఇలా ఒక గడప ఉంటుంది. షార్ గేటు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి రాస్తున్నాం.

జనవరిలో ఫ్లెమింగో పండుగ వస్తే సూళ్లూరుపేటకు పర్యాటక కళ వస్తుంది. నేలపట్టుకు బస్సులు, భీమునివారిపాళెంలో పడవ షికారు, సాయంత్రం వేదిక మీద పాటలు. మనకు రెండు మూడు రోజుల షికారైన ఆ పడవే తడ మండలం ఇరకం దీవి వాళ్లకు ఏడాది పొడుగునా బస్సు. బడికీ ఆస్పత్రికీ అదే దిక్కు.

అసలు సిసలు డేరాల గొడవ రాబోయేది తూపిలిపాళెం వైపేనని నా అనుమానం. సరుగుడు తోపులు, శుభ్రమైన ఇసుక, ఆదివారం కార్ల వరస. వాటి మధ్యే వలలు ఆరేసుకునే చోటు, పడవలు లాగే చోటు. భీమిలిలో ఏమైందో చూశాం. ఒడ్డు మీద లేచిన కాంక్రీటు గోడ హైకోర్టు దాకా పోయి, 2024లో కూల్చివేత మొదలైంది. గోడ లేవడానికి పట్టినంత సులువుగా కూలలేదు. తూపిలిపాళెంలో ఇంకా గోడలు రాలేదు. పడవల చోటు ఇది, కాలిబాట ఇది, డేరాల చోటు ఇది అని పంచాయతీ పటం మీద గీత గీసి పెట్టుకోవడానికి ఇదే అదను.

ఇక షార్ సంగతి. 2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 3,984.86 కోట్ల రూపాయలు మంజూరు చేసింది, 48 నెలల గడువు పెట్టింది. వేదికలు పెరిగితే ప్రయోగాలు పెరుగుతాయి. ప్రయోగం ఉందంటే ఆ తీరంలో పడవలు కదలకూడదు. వాతావరణం బాగాలేక వాయిదా పడితే మరో రోజు ఒడ్డునే. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి ప్రభుత్వం ఇంటికి ఇంత అని భృతి ఇస్తోంది, 2025లో దాన్ని 20,000 రూపాయలు చేసింది. చేప గుడ్లు పెట్టే రోజులకు లెక్క కట్టగలిగిన సర్కారు రాకెట్టు లేచే రోజులకూ కట్టగలదు. వేదిక అంచనాల్లోనే ఆ పద్దు చేర్చమని అడగడానికి ఇంకా సమయం మించిపోలేదు.