అంబాసిడర్ అడుగు రేకు మార్చాలంటే

పాత అంబాసిడర్ కొనబోయేవాళ్లు ముందు ఇంజిను శబ్దం వింటారు, తర్వాత రంగు చూస్తారు. కాళ్ల కింద మ్యాటు ఎత్తి చూసేవాళ్లు తక్కువ. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండయితే మొదట ఎత్తాల్సింది ఆ మ్యాటే.

బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఈ కారు 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. అడుగు రేకు, తలుపుల కింద రెండు పక్కలా సాగే సిల్లులు, అడ్డంగా వేసిన మెంబర్లు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువు మోస్తుంది. అందుకే అడుగు తినేసిన బండిని ‘కింద కన్నమేగా’ అని వదిలేయకూడదు. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్ల వెనక కొసలు కూడా అడుగు భాగంలోనే బిగిసి ఉంటాయి. తుప్పు అక్కడిదాకా పాకితే అది ఇంట్లో చేసుకునే పని కాదు, మంచి టింకరింగ్ షెడ్డుకు పంపాల్సిందే.

తుప్పు కింది రోడ్డు నీళ్ల వల్లే వస్తుందని అనుకుంటాం. చాలా బండ్లలో అది పైనుంచి మొదలవుతుంది. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు బిరుసెక్కి పగులుతుంది. వాన నీళ్లు అక్కడి నుంచి డాష్‌బోర్డు వెనగ్గా జారి డ్రైవరు కాళ్ల దగ్గర చేరతాయి. మ్యాటు కింది ఫెల్టు ఆ తడిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. చప్పుడు తగ్గడానికి రేకు మీద అతికించిన తారు పొర ఎక్కడో చిట్లి ఉంటుంది. నీళ్లు దాని కిందికి చేరాక పైకి ఏమీ కనిపించదు. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే అతుకులో చేరితే ఉబ్బి, ఆ రెంటినీ విడదీస్తుంది.

తారును గీకేసి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్నది డొల్లగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. దిగిపోతే పోనివ్వండి, దాచుకుని లాభం లేదు. కన్నం అంచు దగ్గరే కోస్తే పని చెడుతుంది. అక్కడ రేకు సన్నబడి ఉంటుంది కాబట్టి వెల్డింగ్ వేడికి కరిగి కన్నం పెద్దదవుతుంది. వైరు బ్రష్షు పెడితే గుంటలు లేకుండా తెల్లగా మెరిసే చోటుదాకా వెళ్లి, అక్కడ కోయాలి. పాత రేకు మీదే కొత్త ముక్క పరిచి, చుట్టూ నాలుగు టాకాలు వేసి, తారు పూసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అది తుప్పుకు మూత పెట్టడం తప్ప రిపేరు కాదు.

కట్టర్ పట్టే ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. సీట్లు, ఫెల్టు, వైరింగ్ బయటికి రావాలి. పెట్రోలు పైపు, బ్రేకు పైపు అడుగు కిందుగానే పోతాయి, వాటిని విప్పి పక్కకు జరపాలి. బండిని జాకీల మీద వదిలేయకుండా గట్టి స్టాండ్ల మీద, బలమైన చోట్ల, సమంగా నిలపాలి. సిల్లు కూడా పోయిందంటే తలుపు సందులో ఇనుప పైపులు అడ్డంగా వెల్డ్ చేసి బిగించాలి. లేదంటే కోసినప్పుడు బాడీ కాస్త కుంగుతుంది. కొత్త రేకు వెల్డ్ చేశారంటే ఆ కుంగుబాటు అలాగే ఉండిపోతుంది, ఇక తలుపు సరిగా పడదు. తలుపుల చుట్టూ సందు ఎంతుందో ముందే కొలిచి రాసుకుని, మధ్యమధ్యలో సరిచూసుకోవాలి.

కొత్త ముక్కకు 18 లేదా 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు సరిపోతుంది. జీఐ షీటు తుప్పు పట్టదని ఆశ పడకండి. వెల్డింగ్ వేడికి దాని జింకు పూత పొగవుతుంది, అది పీలిస్తే జ్వరం వస్తుంది. అట్టతో నమూనా కత్తిరించి, దాని ప్రకారం రేకు కోసి, పాత అడుగులో ఉన్న గాడులు ఇందులోనూ కొట్టాలి. అవి అందానికి పెట్టినవి కావు, రేకు ఊగకుండా చేసేవి అవే. పాత వాహనాలకు 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయాలంటే బాడీ, చాసిస్ మార్చకూడదంటాయి. అసలు ఆకారానికి కట్టుబడటానికి అదొక కారణం. చాసిస్ నంబరు కొట్టిన భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

వెల్డింగ్‌కు గ్యాస్ కంటే సీవోటూ మెషీను మేలు, వేడి చుట్టుపక్కలకు తక్కువ పాకుతుంది. ముందు అంగుళానికొక టాకా. తర్వాత ఒక మూల ఒకటి, ఎదురు మూల ఇంకొకటి వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. వరసగా లాగిస్తే రేకు అలలు తేలుతుంది. పక్కన నీళ్ల బకెట్, అగ్నిమాపక సిలిండరు ఉండాలి. పని ఆపాక అరగంట బండిని వదలకండి, మిగిలిన తారు ముక్క నెమ్మదిగా రాజుకోవచ్చు.

ఆనక ప్రైమరు, పైనా కిందా అతుకులకు సీలెంటు, కింద అండర్ కోటింగ్, సిల్లు లోపలికి మైనం స్ప్రే. ఇవన్నీ ఆరాక ఒకరు లోపల టార్చితో కూర్చుంటే, ఇంకొకరు ముందు అద్దం మీద పైపుతో నీళ్లు పెట్టాలి. ఎక్కడ చుక్క రాలితే అక్కడి రబ్బరు మార్చాకే మ్యాటు పరచాలి. పాత ఫెల్టు బయట పారేసి, నీళ్లు పీల్చని ఫోమ్ వేయించండి.