వలస కుటుంబాల పిల్లల హక్కులు - పాఠశాలల బాధ్యత

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మదీనాలో నిర్మించిన మస్జిదులో నీడ కల్పించిన ఒక అరుగు ఉండేది. దానిని సుఫ్ఫా అనేవారు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన నిరుపేద ముహాజిర్లకు అదే నివాసం, అదే విద్యాలయం. యమన్ ప్రాంతపు దౌస్ తెగ నుండి వచ్చిన హజ్రత్ అబూ హురైరా (రజి) అక్కడే ఉండి విద్య నేర్చుకున్నారు. ఆ ఊరిలో ఆయనకు ఇల్లు లేదు, ఆస్తి లేదు. కాని ఈనాడు హదీసు గ్రంథాలలో అందరికంటె ఎక్కువ ఉల్లేఖనాలు ఆయన పేరిటనే ఉన్నాయి. ఆ అరుగు మీద ఆయనకు చోటు దొరకకపోయి ఉంటే నష్టపోయేది ఆయన ఒక్కరేనా? యావత్తు ముస్లిం సమాజం కాదా?

బతుకుతెరువు కోసం మన ఊళ్ళకు వచ్చిన వారి పిల్లల చదువును గురించి ఆలోచించేటప్పుడు ఈ ప్రశ్నను గుర్తుంచుకోవలసి ఉన్నది.

కృష్ణపట్నం తీరాన

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో 2008లో భారీ ఓడరేవు ప్రారంభమయింది. పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడింటితో దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. పంటపాళెం పరిసరాలలో వంటనూనె శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. ఇటువంటి చోట్లకు ఒడిశా, బీహార్, బెంగాల్ వంటి రాష్ట్రాల నుండి కార్మికులు వస్తారు. చాలామంది ఒంటరిగానే వస్తారు. కొందరు భార్యాబిడ్డలను వెంట తెచ్చుకుంటారు. కంట్రాక్టు ముగిస్తే మరో ఊరు, మరో పని.

ఇటువంటి తండ్రి ఒకడు నవంబరు నెలలో కూతురి చేయి పట్టుకొని బడికి వచ్చాడనుకోండి. పాత బడి టి.సి. లేదు. జనన ధ్రువపత్రం స్వగ్రామంలో ఉన్నది. ఆధార్ కార్డులో చిరునామా వేరు. పిల్లకు తెలుగు రాదు. బడిలో నాలుగు మాటలలో సమాధానం దొరుకుతుంది: "కాగితాలు తెచ్చుకో, జూన్‌లో రా." జూన్ వచ్చేసరికి ఆ కుటుంబం అక్కడ ఉండదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది.

చట్టం ఏమంటున్నది?

2002లో చేసిన 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 21-ఎ అధికరణం చేరింది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ వయస్సు గల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని అది ఆదేశిస్తున్నది. దాని ననుసరించి వచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. పై సమస్యలలో ప్రతిదానికీ అందులో సమాధానం ఉన్నది.

వయస్సు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షను చెబుతున్నది. ప్రవేశాల గడువు దాటిపోయినా పిల్లను చేర్చుకోవాలని 15వ సెక్షను. టి.సి. ఆలస్యమయినంత మాత్రాన ప్రవేశాన్ని ఆపరాదని, టి.సి. ఇవ్వడంలో జాప్యం చేసిన ప్రధానోపాధ్యాయునిపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చని 5వ సెక్షను. మధ్యలో చదువు ఆగిన పిల్లను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షను. వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం కల్పించడం స్థానిక సంస్థల విధి అని 9వ సెక్షను స్పష్టంగా పేర్కొన్నది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు తీర్పులో చెప్పింది.

కనుక సరైన పద్ధతి ఒక్కటే: ముందు పిల్ల పేరు రిజిస్టరులో వ్రాయాలి, తరువాత కాగితాలు తెప్పించుకోవాలి. కాగితాలు వచ్చేదాకా పిల్లను బయట నిలబెట్టడం చట్టానికి తలక్రిందులు.

"నాలుగు నెలలలో వెళ్ళిపోయే పిల్లకు చోటిస్తే మన పిల్లలకు ఇబ్బంది కాదా?" అని స్థానికులు అడగవచ్చు. ఈ సందేహం నిర్లక్ష్యం చేయదగినది కాదు. కాని ప్రాథమిక పాఠశాలలో ఎందరు ఉపాధ్యాయులు ఉండాలన్నది చేరిన పిల్లల సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. అరవైమంది వరకు ఇద్దరు, తొంభైమంది వరకు ముగ్గురు ఉండాలని చట్టానికి జోడించిన షెడ్యూలు చెబుతున్నది. పేరు వ్రాయని పిల్ల లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని పిల్లకు పుస్తకాలూ రావు, మధ్యాహ్న భోజనమూ రాదు, ఆ బడికి రావలసిన ఉపాధ్యాయుడూ రాడు. పేరు వ్రాయడం వలన అందరికీ మేలే.

భాష, మతం, గౌరవం

ప్రవేశంతో బాధ్యత తీరదు. భాష తెలియక మౌనంగా కూర్చున్న పిల్లను మందబుద్ధి అనుకోవడం పెద్ద అన్యాయం. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా వసతులు కల్పించేందుకు కృషి చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో చెప్పింది. ఇది అసాధ్యమేమీ కాదు. తెలంగాణలోని ఇటుక బట్టీల వద్ద ఒడిశా పిల్లలకు వారి భాషలోనే బోధించే పనిచోటు బడులు నడిచాయి. కేరళలోని ఎర్ణాకుళం జిల్లాలో 2017లో ప్రారంభమయిన 'రోష్ని' పథకం క్రింద వలస కార్మికుల పిల్లల భాషలు తెలిసిన వారిని బడులలో సహాయకులుగా నియమించారు.

మనలో కొందరు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. ముస్లిం పిల్ల అనగానే ఉర్దూ వచ్చుననుకుంటారు. బెంగాల్ నుండి వచ్చిన ముస్లిం పిల్ల మాతృభాష సాధారణంగా బెంగాలీ. ఏ భాష వచ్చునో ఆ పిల్లనే అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ గుర్తింపుగాని సహాయంగాని పొందే విద్యాసంస్థలో మతబోధకుగాని ప్రార్థనకుగాని విద్యార్థిని సంరక్షకుల అనుమతి లేకుండా కూర్చోబెట్టరాదని 28వ అధికరణం చెబుతున్నది. ఈ నియమం మన పిల్లలకు ఎంత రక్షణో, మన సంస్థలకు వచ్చే ఇతర మతస్థుల పిల్లలకూ అంతే రక్షణ.

పరదేశి అయితే?

ఒడిశా, బీహార్ల నుండి వచ్చినవారు ఈ దేశ పౌరులే. మరి హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్న రోహింగ్యా శరణార్థుల పిల్లల మాటేమిటి? 21-ఎ అధికరణం "పిల్లలందరూ" అన్నదే గాని "పౌరులందరూ" అనలేదని గమనించాలి. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయమై 2025 ఫిబ్రవరిలో విచారణ జరిగినప్పుడు, విద్యలో ఏ బిడ్డ పట్లా వివక్ష ఉండరాదని సుప్రీంకోర్టు అన్నది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు కూడా, అనుమతి పత్రాలు లేని వారి పిల్లలకు ప్రభుత్వ బడులలో ఉచిత విద్యను నిరాకరించిన టెక్సాస్ రాష్ట్ర చట్టాన్ని కొట్టివేసింది. తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలను శిక్షించడం న్యాయం కాదన్నది ఆ తీర్పు సారాంశం. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్న సూత్రం ఖుర్‌ఆన్ పాఠకులకు కొత్త కాదు.

అయినా ఇతరుల సంగతి ఎందుకు? నెల్లూరు, కడప జిల్లాల నుండి కువైట్ వెళ్ళినవారు మనలో ఎందరు లేరు? 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులు విమానాలలో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆ తొందరలో పిల్లల టి.సి.లు తీసుకొనే తీరిక ఎంతమందికి దొరికి ఉంటుంది? ఆనాడు మన పిల్లల విషయంలో ఏ దయ కోరుకున్నామో, ఈనాడు కృష్ణపట్నంలో ఒడియా కార్మికుడు కోరేదీ అదే.

మనం చేయవలసినది

మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. మద్రసాలకు 2012 సవరణలోనే మినహాయింపు లభించింది. అనగా వలస బిడ్డను చేర్చుకోమని ఈ చట్టం మనలను నిర్బంధించదు. అంతమాత్రాన బాధ్యత తొలగిందని తలచరాదు. నిసా సూరా 36వ ఆయత్ బంధువైన పొరుగువానితో పాటు పరాయి పొరుగువానికి, బాటసారికి కూడా మేలు చేయమని ఆదేశిస్తున్నది. ఆ పొరుగువాడు ముస్లిమా కాదా అని అక్కడ షరతు లేదు.

మస్జిదు కమిటీలు చేయగల పనులున్నాయి. కార్మికుల నివాసాలకు వెళ్ళి బడియీడు పిల్లల పేర్లు వ్రాసుకోవచ్చు. హిందీ, ఉర్దూ తెలిసిన యువకుడొకరిని తండ్రి వెంట బడికి పంపవచ్చు. ప్రవేశం నిరాకరిస్తే స్థానిక అధికారికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడానికి 32వ సెక్షను వీలు కల్పిస్తున్నది. ఆ ఫిర్యాదు వ్రాసి పెట్టవచ్చు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి గనుక, అందులో వలస తల్లి ఒకరికి స్థానం అడగవచ్చు. కుటుంబం ఊరు విడిచే రోజున టి.సి. చేతికి అందేటట్లు చూడవచ్చు.

అబస సూరా అవతరించిన సందర్భం పాఠకులకు తెలిసినదే. ఖురైషు నాయకులతో సంభాషణ జరుగుతుండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) ధర్మజ్ఞానం కోరి వచ్చారు. జ్ఞానం కోరి వచ్చినవానికి ఎంత విలువ ఇవ్వాలో అల్లాహ్ ఆ సందర్భంలో తెలియజేశాడు. ఆ తరువాత మదీనా మస్జిదులో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు అజాన్ పలికే గౌరవం ఆయనకు లభించింది. బడి కార్యాలయంలో ప్రవేశ రిజిస్టరు ముందు కూర్చున్న ప్రతి సోదరుడూ, ప్రతి సోదరీ ఈ సంఘటనను స్మరించాలి. వచ్చిన బిడ్డ పేరు ఆ రోజే వ్రాసే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.